ఏసీ గదిలోంచి తీసిన కెమెరాకి నెమ్ము పడుతోంది: వైజాగ్ వాళ్లు ఏం చేస్తున్నారు?

ఎంవీపీ_ఉదయం
అక్టోబర్ 21, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. ఈరోజు పొద్దున్న ఆర్కే బీచ్‌లో జరిగింది చెబుతాను, దారి చూపించండి.

ఐదింటికి లేచి, రాత్రే సర్దిపెట్టుకున్న బ్యాగు భుజాన వేసుకుని స్కూటీ మీద పది నిమిషాల్లో కాళీమాత గుడి దగ్గరికి చేరాను. తూర్పు అప్పుడే ఎర్రబడుతోంది. అలివి వల లాగేవాళ్లు రెండు వరసలుగా తాడు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. ఆ ఫోటో కోసమే నెల రోజులుగా అనుకుంటున్నాను. లెన్స్ మూత తీశాను. చూస్తుండగానే గాజు మీద పాలమీగడ పరుచుకున్నట్టు తెల్లగా అయిపోయింది. గుడ్డతో తుడిచాను. అరనిమిషం కాకుండానే మళ్లీ అంతే. వెనక స్క్రీన్ మీద, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ మీద, చివరికి కెమెరా బటన్ల మధ్య కూడా సన్నటి చెమట. వల ఒడ్డుకొచ్చి, చేపలు బుట్టల్లోకి ఎక్కి, వాళ్లు తాళ్లు చుట్టుకునేదాకా నేను తుడుస్తూనే ఉన్నాను.

రెండేళ్లు జీతంలోంచి పక్కన పెట్టి కొన్న కెమెరా ఇది. నాలుగు నెలలైంది. లోపల కూడా నీళ్లు పట్టి ఉంటాయా అని భయంగా ఉంది. పైగా వచ్చే ఆదివారం పాడేరు దగ్గర వంజంగి కొండకి వెళ్తున్నాం. బీచ్‌లోనే ఇలా అయితే ఆ చలిలో, ఆ మేఘాల్లో ఏమవుతుందో.


గాజువాక_పెళ్లిళ్లు
అక్టోబర్ 21, రాత్రి 8:31

తమ్ముడూ, రాత్రి బ్యాగు ఎక్కడ పెట్టావు? ఏసీ గదిలోనా?


ఎంవీపీ_ఉదయం
అక్టోబర్ 21, రాత్రి 8:34

అవునన్నా, బెడ్‌రూమ్‌లోనే, మంచం పక్కన. ఏసీ 20లో పెట్టుకుని పడుకున్నాం.


గాజువాక_పెళ్లిళ్లు
అక్టోబర్ 21, రాత్రి 8:58

అదే కారణం. వంజంగి గురించి కంగారు పడకు, నీ బెడ్‌రూమ్ గురించి పడు. నాకు జరిగింది చెబుతాను.

ఐదేళ్ల కిందట భీమిలి దారిలో ఒక రిసార్టులో పెళ్లి. తెల్లవారుజాము ముహూర్తం. మండపం బయట పచ్చికలో, పెళ్లికూతురి గది లోపల, ఫుల్ ఏసీ. గౌరీపూజ తీస్తూ గంటన్నర ఆ గదిలోనే ఉన్నాను, నా రెండు కెమెరాలూ నాతోనే ఉన్నాయి. మేనమామలు పిల్లని బుట్టలో కూర్చోబెట్టి ఎత్తారు. వాళ్లకి ఎదురుగా వెనక్కి నడుస్తూ తీయాలి కదా, అలా గుమ్మం దాటాను. మూడో అడుగుకి వ్యూఫైండర్‌లో ఏమీ కనబడలేదు. మెడలో ఉన్న రెండో కెమెరా ఎత్తాను, అదీ తెల్లగా అయిపోయింది. చొక్కా అంచుతో తుడుస్తూ మండపం దాకా నడిచాను. మొదట్నించీ బయట మండపం దగ్గరే ఉన్న మా అసిస్టెంట్ కెమెరా ఒక్కటే పనిచేసింది కాబట్టి జీలకర్ర బెల్లం దక్కింది. బుట్ట ఫోటో మాత్రం ఒక్కటీ లేదు.

ఆల్బమ్ ఇచ్చిన రోజు పెళ్లికూతురి తండ్రికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నన్ను ఏమీ అనలేదు. కానీ గౌరీపూజ పేజీ తిప్పి, తర్వాత పేజీలో పిల్ల అప్పటికే పీటల మీద ఉండటం చూసి ఆయన చెయ్యి అక్కడ కాసేపు ఆగింది. అది నేను మర్చిపోలేదు.

అప్పట్నుంచీ ఒక కెమెరా ఎప్పుడూ బయటే ఉంటుంది. ఏసీ గదిలోకి ఒకటే వస్తుంది. ఆ ఒకటి ముహూర్తానికి ముప్పావుగంట ముందు కవర్‌లో పెట్టి బయటికి పంపిస్తాను.


ఫిజిక్స్_మేడమ్
అక్టోబర్ 21, రాత్రి 9:40

నేను డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతాను, సెలవుల్లో ఫోటోలు తీస్తాను. ఇది ఎందుకు జరుగుతుందో ఒక్కసారి అర్థమైతే ఎక్కడికి వెళ్లినా మీ జాగ్రత్త మీరే తీసుకోగలరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఫ్రిజ్‌లోంచి మజ్జిగ చెంబు తీసి గట్టు మీద పెడతాం. రెండు నిమిషాలకి చెంబు చుట్టూ నీటిబొట్లు. ఆ నీళ్లు చెంబులోంచి రాలేదు, గాలిలోంచి వచ్చాయి. గాలిలో ఎప్పుడూ కొంత ఆవిరి ఉంటుంది. ఆ గాలిని చల్లబరుస్తూ పోతే ఒక ఉష్ణోగ్రత దగ్గర అది ఇక ఆ ఆవిరిని మోయలేదు, నీళ్లుగా వదిలేస్తుంది. దాన్నే డ్యూ పాయింట్ అంటారు, తుషార బిందువు. ఒక వస్తువు ఉపరితలం ఆ అంకె కన్నా చల్లగా ఉంటే దాని మీద నెమ్ము పడుతుంది. వెచ్చగా ఉంటే పడదు.

ఇప్పుడు బీచ్ లెక్క చూడండి. తెల్లవారుజామున గాలి 25 డిగ్రీలు, తేమ 88 శాతం అనుకుంటే డ్యూ పాయింట్ దాదాపు 23. మీ కెమెరా 20 డిగ్రీల గదిలో రాత్రంతా ఉండి 20కే వచ్చేసింది. ఇంక నీళ్లు పట్టక ఏమవుతుంది? మే నెల సాయంత్రం 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉందనుకోండి, డ్యూ పాయింట్ 27కి వెళ్తుంది. అంటే 26లో పెట్టిన ఏసీ గదిలోంచి వచ్చిన కెమెరా కూడా తడుస్తుంది. హైదరాబాద్‌లో అదే మే నెలలో 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే డ్యూ పాయింట్ 13 దాటదు, అక్కడ ఏసీ గదిలోంచి తీసినా ఏమీ కాదు. మన ఊళ్లో ఈ గొడవంతా సముద్రపు గాలి వల్ల.

ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిచి కిందికి జరిపితే డ్యూ పాయింట్ అని విడిగా ఉంటుంది. ఇంట్లోంచి బయల్దేరేముందు ఆ అంకె చూసుకోండి. తేమ శాతం కన్నా అదే పనికొస్తుంది.


నర్సీపట్నం_కొత్తకెమెరా
అక్టోబర్ 21, రాత్రి 10:05

మేడమ్, నేను చూసిన వీడియోలన్నీ దీనికి తలకిందులుగా చెబుతున్నాయండి. బయట మంచులో తీసి వెచ్చని ఇంట్లోకి వచ్చేటప్పుడే జాగ్రత్త, ఇంట్లోంచి బయటికి వెళ్లేటప్పుడు పర్వాలేదు అంటున్నారు.


ఫిజిక్స్_మేడమ్
అక్టోబర్ 21, రాత్రి 10:22

వాళ్లు చెప్పేది వాళ్ల ఊరికి నిజమే. వాళ్లకి చలి బయట ఉంటుంది, వెచ్చదనం ఇంట్లో ఉంటుంది. మనకి చలి బెడ్‌రూమ్‌లో ఉంటుంది, కారులో ఉంటుంది, కల్యాణమండపంలో ఉంటుంది. సూత్రం మారలేదు: చల్లటి వస్తువు తేమ గాలిలోకి వెళ్లినప్పుడే ప్రమాదం. మన ఊళ్లో అది గుమ్మం దాటి బయటికి వచ్చినప్పుడు జరుగుతుంది.

కాబట్టి వంజంగి ఎక్కేటప్పుడు కెమెరాకి ఏ భయమూ లేదు. కింద నుంచి వెచ్చగా వచ్చిన కెమెరా చల్లటి గాలిలోకి వెళ్తోంది. మేఘం మధ్యలో నిలబడితే గాజు మీద తుంపర పడుతుంది, అది వేరు, తుడిస్తే పోతుంది. జాగ్రత్త పడాల్సింది దిగేటప్పుడు. కొండ మీద 12 డిగ్రీలకి చల్లబడిన కెమెరాతో, జనం కిక్కిరిసి గిన్నెలు మరుగుతున్న టీ కొట్లోకి వెళ్లి మెడలోంచి తీసి బల్ల మీద పెడతారు చూడండి, అక్కడ. ఆ తర్వాత ఘాట్ అంతా ఏసీ వేసుకుని దిగి వైజాగ్‌లో డోర్ తీసినప్పుడు, మళ్లీ అక్కడ.


డాబాగార్డెన్స్_పాతస్టూడియో
అక్టోబర్ 22, ఉదయం 6:50

అమ్మ చెంబు ఉదాహరణ బాగా చెప్పారు. నాకు నలభై ఏళ్ల స్టూడియో అనుభవం. మాకిది కొత్త కాదు.

ఫిల్ము రోజుల్లో కలర్ రోళ్లు, పేపరు ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లం. ఏటంటే, రేపు పెళ్లి ఉందంటే ఈ రాత్రే రోళ్లు బయటికి తీసి డబ్బా మూత తియ్యకుండా బల్ల మీద పెట్టాలి. మూత తియ్యకుండా, అదీ అసలు సంగతి. డబ్బా బయట నీళ్లు పడతాయి, లోపల ఫిల్ము పొడిగా ఉంటుంది. గది వేడికి వచ్చాక తీస్తే ఏ ఇబ్బందీ లేదు. ఒకపాలి తొందరలో ఒక కుర్రాడు ఫ్రిజ్‌లోంచి తీసి తీయగానే మూత విప్పి కెమెరాలో ఎక్కించేశాడు. కడిగి చూస్తే రోలంతా చుక్కలు చుక్కలు.

బాబూ ఎంవీపీ, నీ కెమెరాకీ అదే మందు. ఏసీ గదిలో ఉండగానే జిప్‌లాక్ కవర్లో పెట్టి, గాలి నొక్కేసి, మూసెయ్. ఆ కవర్లో ఉండేది ఏసీ గదిలోని పొడి గాలి. బయటికి వచ్చాక కవరు పైన చెమట పడుతుంది, పట్టనీ. ఆ చెమట ఆరిపోయి, కవరు పైనుంచి చెయ్యి పెడితే చల్లదనం తెలియనప్పుడు తియ్. మామూలు కెమెరాకి అరగంట నుంచి గంట పడుతుంది. పిట్టల ఫోటోలకి వాడే పెద్ద లెన్స్‌లకి రెండు గంటలైనా పట్టొచ్చు, గాజు బరువు కదా.


ఎంవీపీ_ఉదయం
అక్టోబర్ 22, ఉదయం 7:30

గురువుగారూ, ధన్యవాదాలు. ఒక సందేహం. బీచ్‌లో నెమ్ము పట్టాక ఇంటికొచ్చి మా అక్క హెయిర్ డ్రయ్యర్‌తో పది నిమిషాలు వేడిగాలి కొట్టాను. తప్పు చేశానా? ఇప్పటికైతే కెమెరా బాగానే పనిచేస్తోంది.


డాబాగార్డెన్స్_పాతస్టూడియో
అక్టోబర్ 22, ఉదయం 7:48

పనిచేస్తోంది కాబట్టి మనసు పాడుచేసుకోకు, కానీ ఇంకోసారి చెయ్యొద్దు. వేడిగాలి లోపలి గ్రీజుని కరిగిస్తుంది, అది జారి లెన్స్‌లో వెలుగుని అదుపు చేసే అపర్చర్ రేకుల మీదికి వస్తుంది. పైన పట్టిన తేమని సందుల్లోంచి లోపలికి తోస్తుంది కూడా.

తడి పట్టిన కెమెరా ఆన్ చెయ్యకూడదు. ఆన్‌లో ఉంటే ఆపి, బ్యాటరీ, కార్డు తీసేసి, వాటి మూతలు తెరిచి ఉంచి, ఫ్యాన్ గాలి తగిలే చోట పెట్టు. లెన్స్ మార్చొద్దు. మార్చావంటే ఆ తేమ గాలి నేరుగా సెన్సర్ మీదికి వెళ్తుంది. ఇంకో మాట, జూమ్ రింగు తిప్పొద్దు. జూమ్ లెన్స్ కొలిమి తిత్తి లాంటిది. ముందుకు సాగినప్పుడు గాలి పీలుస్తుంది, వెనక్కి వచ్చినప్పుడు వదులుతుంది. చల్లటి లెన్స్‌ని వేడిగాలిలో నాలుగుసార్లు తిప్పితే లోపలి గాజులన్నిటికీ నెమ్ము పట్టించినట్టే. వెదర్ సీలింగ్ ఉంది కదా అని ధైర్యపడొద్దు, అది వానచుక్కని ఆపుతుంది గాని గాలిలో ఆవిరిని ఆపదు.

బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. వినకు. తవుడు, పొడి లోపలికి పోతే దాన్ని తియ్యడం నెమ్ముకన్నా కష్టం.


అరకు_రైలు
అక్టోబర్ 22, మధ్యాహ్నం 1:10

అరకు రైల్లో విస్టాడోమ్, అదే అద్దాల బోగీలో వెళ్లేవాళ్లకి ఒక మాట. అది ఏసీ బోగీ. గంటల తరబడి అందులో కూర్చుని బొర్రా గుహల స్టేషన్లో దిగి, దిగగానే కెమెరా తీస్తే ఇదే కథ. వానాకాలంలో మరీను. గుహ లోపల ఇంకా ఎక్కువ, పైకప్పు నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి, ఆ గాలంతా తేమే. నేను రెండు స్టేషన్ల ముందే బ్యాగు తీసుకుని బోగీ తలుపు దగ్గరికి వెళ్లిపోతాను, అక్కడ ఏసీ అంతగా ఉండదు, సొరంగాల మధ్య గాలి తగులుతుంది. రైలు ఆగేసరికి కెమెరా సిద్ధం.

కారులో వెళ్లేవాళ్లైతే చివరి ఇరవై నిమిషాలు ఏసీ ఆపి అద్దాలు దించుకోవచ్చు. లేదంటే బ్యాగు డిక్కీలో పెట్టండి, అక్కడికి ఏసీ గాలి పెద్దగా రాదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మాత్రం డిక్కీ వద్దు.


నర్సీపట్నం_కొత్తకెమెరా
అక్టోబర్ 22, సాయంత్రం 6:20

ఇంత చేసే బదులు బ్యాగులో నాలుగు సిలికా జెల్ పొట్లాలు పడేస్తే సరిపోదాండి? కెమెరాతో పాటు రెండు వచ్చాయి, చెప్పుల డబ్బాల్లోవి ఇంకో ఆరు ఉన్నాయి.


ఫిజిక్స్_మేడమ్
అక్టోబర్ 22, రాత్రి 8:45

సరిపోదు. రెండు వేరు వేరు పనులు కలిపేస్తున్నారు. నెమ్ము పట్టడం క్షణాల్లో జరిగే పని, సిలికా జెల్ తేమ పీల్చడం గంటల్లో జరిగే పని. జిప్ తెరిచిన బ్యాగులోకి వచ్చే గాలిని ఆ పొట్లాలు ఆపలేవు. పైగా చెప్పుల డబ్బాలోంచి వచ్చినవి అప్పటికే కడుపు నిండా తేమ తాగి ఉంటాయి.

సిలికా జెల్ పని చేసేది గాలి చొరబడని డబ్బాలో, రోజుల తరబడి నిల్వ ఉంచేటప్పుడు. రంగు మారే రకం కొనండి. నీలం గుళికలు తేమ పీల్చాక గులాబీ రంగుకి వస్తాయి, నారింజ రకం ఆకుపచ్చకి తిరుగుతుంది. రంగు మారాక ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ మొదటి రంగుకి వస్తాయి. నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు. వంటకి వాడే ఓవెన్‌లో పెట్టొద్దు, పిల్లలున్న ఇంట్లో నారింజ రకమే తీసుకోండి.


హార్బర్_పడవలు
అక్టోబర్ 22, రాత్రి 9:30

మేడమ్, గాజువాక అన్న, స్టూడియో గురువుగారు అందరూ నీళ్ల గురించే చెప్పారు. నాకు నీళ్లకన్నా ఉప్పంటే భయం. పదేళ్లుగా ఫిషింగ్ హార్బర్లో తీస్తున్నాను.

తెల్లారి పడవలు వచ్చే వేళకి జెట్టీ మీద గంట నిలబడితే కెమెరా మీద కంటికి కనబడని ఉప్పు పొర చేరుతుంది. వేలితో రాసి నాలుక మీద పెట్టుకుంటే తెలుస్తుంది. ఆ కెమెరాకి నెమ్ము పడితే పట్టింది ఉప్పునీరవుతుంది. దాన్ని పొడి గుడ్డతో తుడవడం అంటే గాజు మీద ఉప్పు రాళ్లతో రుద్దడమే. నా మొదటి ఫిల్టర్ మీద గీతలన్నీ అలా వచ్చినవే. ముందు చేత్తో నొక్కే రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, తర్వాత మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో అద్దాలి, ఆ తర్వాతే పొడి గుడ్డ.

లెన్స్ బిగించే ఇత్తడి రింగు, ఫ్లాష్ పెట్టే చోటు, ట్రైపాడ్ మరలు ముందుగా పోతాయి. నా ట్రైపాడ్ కాలు ఒకటి ఇప్పుడు ఎంత తిప్పినా రాదు, లోపల తెల్లటి పొడి కట్టేసింది. ఇంటికి రాగానే ట్రైపాడ్ కాళ్లు బాత్రూమ్‌లో మంచినీళ్లతో కడిగేస్తున్నాను ఇప్పుడు.


ఫిజిక్స్_మేడమ్
అక్టోబర్ 22, రాత్రి 9:52

చాలా ముఖ్యమైన మాట. ఉప్పు 75 శాతం తేమ దాటితే గాలిలోంచి తనంతట తానే నీళ్లు పీల్చి కరుగుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం చూస్తాం కదా. మన ఊళ్లో చాలా రాత్రులు గాలి 75 శాతం దాటే ఉంటుంది. అంటే తుడవని కెమెరా మీద ఉప్పు పొర రాత్రంతా తడిగానే ఉండి లోహాన్ని తింటూ ఉంటుంది. బీచ్ నుంచి వచ్చిన రోజే తుడవాలి, మర్నాడు చూద్దాం అనకూడదు.


రుషికొండ_డైవర్
అక్టోబర్ 23, ఉదయం 11:15

నీటిలోకి వెళ్లే యాక్షన్ కెమెరాల సంగతి నేను చెబుతాను. చాలామంది ఒడ్డున నిలబడి, కెమెరాని పెట్టే వాటర్‌ప్రూఫ్ డబ్బా మూస్తారు. అప్పుడు ఒడ్డున ఉండే తేమ గాలే లోపల చిక్కుకుంటుంది. కిందికి దిగాక నీళ్లు ఆ గాలి డ్యూ పాయింట్ కన్నా చల్లగా ఉంటే డబ్బా గాజు లోపలి వైపు మబ్బు కమ్ముతుంది, నీళ్లలో ఉండగా తుడిచే దారి లేదు. మంగమారిపేట రాళ్ల దగ్గర ఒక పొద్దుటి డైవ్ మొత్తం నాకు అలా తెల్లగానే వచ్చింది.

ఇప్పుడు ఇంట్లోనే, ఏసీ గదిలో కెమెరా పెట్టి, పక్కన తేమ పీల్చే అట్టముక్క ఒకటి దూర్చి మూసేస్తున్నాను. ఒడ్డున మళ్లీ తెరవను. ఏసీ మీకు శత్రువు, నాకు మాత్రం మిత్రుడు. బ్యాటరీ మార్చాల్సి వస్తే పడవలో మార్చను, ఏసీ ఆన్‌లో ఉన్న కారులో కూర్చుని మారుస్తాను.


లంబసింగి_చుక్కలు
అక్టోబర్ 23, రాత్రి 11:40

ఆలస్యంగా చూశాను. మేడమ్ చెప్పిన సూత్రానికి రాత్రి ఆకాశం తీసేవాళ్ల దగ్గర ఒక మెలిక ఉంది.

లంబసింగిలో డిసెంబర్ రాత్రులు చెరువులవేనం వైపు ట్రైపాడ్ పెట్టి గంటల తరబడి తీస్తుంటాను. లంబసింగిని అక్కడివాళ్లు కొర్రబయలు అంటారు, బయట పడుకుంటే కొయ్యలా బిగుసుకుపోతారని. కెమెరా సాయంత్రం నుంచీ బయటే ఉంటుంది, ఏసీ ప్రసక్తే లేదు. అయినా పదకొండు దాటేసరికి లెన్స్ మీద మంచు పడుతుంది. మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. ఆకాశం వైపు తిరిగిన గాజు తన వేడిని అలా పైకి వదిలేస్తూ, చుట్టూ ఉన్న గాలికన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. గడ్డి పరక మీద మంచు పడేదీ అందుకే. చెట్టు కింద ఆపిన బండి సీటు పొడిగా ఉంటుంది, బయట ఆపింది తడిసి ఉంటుంది, గమనించండి.

దీనికి కవర్లు పనికిరావు, లెన్స్‌ని కొంచెం వెచ్చగా ఉంచాల్సిందే. పవర్ బ్యాంకుతో నడిచే డ్యూ హీటర్ పట్టీలు దొరుకుతాయి, గాజు అంచు దగ్గర చుట్టాలి. చేతులు కాచుకునే హ్యాండ్ వార్మర్ పొట్లాలు రెండు, ఒక పాత మేజోడు కోసి దాంతో కట్టినా తెల్లవారేదాకా నడుస్తుంది. లెన్స్ ముందు తొడిగే హుడ్ తప్పకుండా పెట్టండి. డిసెంబర్ 13, 14 రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలు తీయాలనుకునేవాళ్లు ఈ పట్టీ లేకుండా రావద్దు. బ్యాటరీలు చలికి తొందరగా దిగిపోతాయి, విడి బ్యాటరీ లోపలి జేబులో ఒంటికి ఆనుకుని పెట్టుకోండి.

తెల్లారాక గదికి వచ్చేటప్పుడు మాత్రం అందరూ చెప్పిన జిప్‌లాకే. బయటే మూసి లోపలికి తేవాలి. కార్డు ముందే తీసి జేబులో వేసుకుంటే ఫోటోలు చూడాలనే ఆత్రంతో కవరు విప్పరు.


గాజువాక_పెళ్లిళ్లు
అక్టోబర్ 24, ఉదయం 10:05

గురువుగారూ, ఇంట్లో ఎలా దాచాలో మీరు చెబితే బాగుంటుంది. నా దగ్గర డ్రై క్యాబినెట్ ఉంది, కరెంటుతో లోపలి తేమ తగ్గించే బీరువా. కొత్తవాళ్లు అంత పెట్టలేరు కదా.


డాబాగార్డెన్స్_పాతస్టూడియో
అక్టోబర్ 24, మధ్యాహ్నం 3:30

చెబుతాను బాబూ. కొంచెం పొడుగవుతుంది.

మా కాలంలో చెక్క బీరువాలో కింది అరలో 15 వాట్ల బల్బు ఒకటి రాత్రీ పగలూ వెలుగుతూ ఉండేది. ఆ కాస్త వేడికి బీరువా లోపలి గాలి బయటికన్నా నాలుగైదు డిగ్రీలు వెచ్చగా ఉండి తేమ శాతం తగ్గేది. ముప్పై ఏళ్లు నా లెన్స్‌లకి ఫంగస్ లేదు. ఆ తర్వాత బల్బు పోయింది. కరెంటు ఆదా అని మా అబ్బాయి ఎల్ఈడీ పెట్టాడు. వెలుగు ఉంది గాని వేడి లేదు. ఏడాది తిరిగేసరికి రెండు లెన్స్‌ల్లో సాలెగూడు దారాల్లాంటి తెల్లటి పోగులు. టార్చి వేసి వెనక నుంచి చూస్తే తప్ప కనబడవు. ఒకటి తొలిదశలో ఉంది కాబట్టి విప్పి తుడిస్తే పోయింది. రెండోదానికి కోటింగ్ తినేసింది, తుడిచినా గాజు మీద మచ్చ అలాగే ఉంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఇంకో పాఠం నేర్చుకున్నాను. రోజుల తరబడి కరెంటు లేదు. స్టూడియో కిటికీ అద్దాలు పోయాయి, గోడలు తడిసి ముద్దయ్యాయి. కరెంటు మీద ఆధారపడిన ఏదీ అప్పుడు పనికిరాలేదు. మా ఆవిడ ఊరగాయలకి దాచిన రబ్బరు మూత ప్లాస్టిక్ డబ్బాలు రెండు ఇచ్చింది. లెన్స్‌లన్నీ వాటిలో పెట్టి, ఉన్న సిలికా జెల్ అంతా పోసి మూశాను. అన్నీ దక్కాయి.

అందుకని కొత్తవాళ్లకి నేను చెప్పేది అదే డబ్బా. మూతకి రబ్బరు పట్టీ ఉన్నది చూసుకోండి, అరకిలో రంగు మారే సిలికా జెల్ గుడ్డ సంచిలో కట్టి పెట్టండి, కొన్ని వందల రూపాయలకి దొరికే చిన్న తేమ మీటరు ఒకటి లోపల పెట్టండి. ముల్లు 40కి, 50కి మధ్య ఉండాలి. 60 దాటి వారాల తరబడి ఉంటే ఫంగస్‌కి పిలుపు. 30కన్నా కిందికీ వద్దు, మరీ పొడైతే రబ్బరు భాగాలు గట్టిపడతాయి. కెమెరా బ్యాగు ప్రయాణానికి మాత్రమే, దాచడానికి కాదు. ఆ స్పాంజి వానాకాలం తేమంతా పీల్చి కెమెరాకి పంచుతుంది. తోలు కేసులైతే మరీను, బూజు ముందు అక్కడే పుడుతుంది.

ఆ డబ్బా ఏసీ లేని గదిలో ఉంచండి. ఏసీ గదిలో ఉంచితే పొద్దున్న మళ్లీ మొదటి కథే.


ఎంవీపీ_ఉదయం
అక్టోబర్ 28, రాత్రి 9:20

నిన్న రాత్రి వంజంగి నుంచి తిరిగి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

శనివారం రాత్రి బ్యాగు హాల్లో చెప్పుల స్టాండు పక్కన పెట్టాను. కారులో ఏసీ వేయలేదు, అద్దాలు దించుకుని వెళ్లాం. నాలుగున్నరకి కొండ ఎక్కడం మొదలుపెట్టాం. పైన మేఘం మా మీదుగా వెళ్తున్నప్పుడు హుడ్ మీద బొట్లు పడ్డాయి, గాజు మాత్రం శుభ్రంగా ఉంది. ఒక్కసారి వ్యూఫైండర్ మసకబారింది, అది నా ఊపిరే. కన్ను ఆనించి నోటితో గాలి వదలడం మానేశాక మళ్లీ రాలేదు. సూర్యుడు వచ్చే పది నిమిషాలు ఆగకుండా తీశాను.

దిగేముందు పైనే కవర్లో పెట్టి గాలి నొక్కి మూశాను. పాడేరులో టిఫిన్ తిన్నంతసేపూ తెరవలేదు. మా ఫ్రెండు తన కెమెరా కవర్ లేకుండా తెచ్చి హోటల్ బల్ల మీద పెట్టాడు, ఇడ్లీ పళ్లెం వచ్చేలోపు దాని మీద పేరు రాయొచ్చు, అంత తెల్లగా అయింది. బ్యాటరీ తీయించి ఎండ తగలని కిటికీలో పెట్టించాను. వైజాగ్ చేరాక నా కవరు పైన నిజంగానే చెమట పట్టింది. టవల్‌తో తుడిచి గంటాగి తీశాను. కెమెరా పొడిగా ఉంది.

ఈరోజు పొద్దున్న మళ్లీ ఆర్కే బీచ్. అదే చోటు, అదే వల. ఈసారి తాడు మీద నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా రాలడం కూడా ఫోటోలో కనబడుతోంది. ఇంటికి రాగానే తడిగుడ్డతో అద్ది, పొడిగుడ్డతో తుడిచాను, హార్బర్ అన్నా.

ముందు వరసలో తాడు పట్టుకున్న పెద్దాయన స్క్రీన్‌లో చూసి కాగితం మీద కావాలన్నారు. ఎనిమిది పది సైజులో రెండు కాపీలు తీయిద్దామనుకుంటున్నాను. ఏ పేపరు మంచిది?


డాబాగార్డెన్స్_పాతస్టూడియో
అక్టోబర్ 28, రాత్రి 9:41

మాట్ పేపరు మీద తీయించు బాబూ. గ్లాసీ అయితే ఈ గాలికి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆయన ఇల్లు సముద్రం ఒడ్డునే కదా, లామినేషన్ కూడా చేయించు.